పరీక్ష అయింది, ఫలితం ఏదీ?

మైపాడు నుంచో, కోడూరు నుంచో, ఇస్కపల్లి నుంచో ఒక స్త్రీ కాన్సర్ పరీక్షకు బయలుదేరిందనుకుందాం. వయసు నలభై దాటింది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొచ్చే వేళకి గంపతో నిలబడి, వేలంపాటలో చేపలు తీసుకుని, ఊళ్ళు తిరిగి అమ్ముకుంటే తప్ప ఆమెకు ఆ పూట గడవదు. ఆ రోజు బేరం మానుకుంది. ఆశా కార్యకర్త నాలుగుసార్లు ఇంటికొచ్చి చెప్పింది గనక, పొదుపు సంఘంలో తోటి ఆడవాళ్ళు తోడొస్తామన్నారు గనక సిగ్గు చంపుకుని వెళ్ళింది. నర్సమ్మ పరీక్ష చేసింది. పేరు, నంబరు రిజిస్టరులోకి ఎక్కాయి. "రిపోర్టు వస్తే కబురు చేస్తాంలేమ్మా" అన్నారు. వారం గడిచింది. నెల గడిచింది. కబురు రాలేదు. ఒకరోజు మళ్ళీ బేరం మానుకుని వెళ్ళి అడిగితే "ఇంకా రాలా, వచ్చే వారం రా" అన్నారు. మూడోసారి ఆమె వెళ్ళలేదు.

ఈమె మనం ఊహించుకున్న మనిషే. అయితే స్త్రీలను వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కార్యకర్త ఎవరికైనా ఈమె ముఖపరిచయమే.

ఆ మౌనాన్ని ఆమె ఎలా అర్థం చేసుకుంటుంది? దానికి రెండే దారులున్నాయి. "కబురు రాలేదంటే ఏమీ లేదన్నమాటే" అనుకుని స్థిమితపడొచ్చు. నిజంగా ఆ ఫలితంలో ఏదైనా తేడా ఉంటే, ఆ స్థిమితమే ఆమె ప్రాణం మీదికి తెస్తుంది. లేదా "ఏదో ఉంది, అందుకే చెప్పడం లేదు" అని రాత్రిళ్ళు నిద్ర లేకుండా కుమిలిపోవచ్చు. ఆ భయంతో ఆమె ఎక్కడికి వెళ్తుందో, అక్కడ ఏం జరుగుతుందో తర్వాత మాట్లాడుకుందాం. పరీక్ష చేసి ఫలితం చెప్పకపోవడం చిన్న జాప్యమనీ, ఆఫీసు పనుల్లో మామూలేననీ సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఈ సంచికలో ఈ విషయాన్నే సంపాదకీయంగా ఎంచుకోవడానికి కారణం అదే.

మరో కారణం కూడా ఉంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి నోటి కాన్సర్, రొమ్ము కాన్సర్, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల కోసం సర్వే మొదలుపెట్టింది. ఏ.ఎన్.ఎం.లు, గ్రామ క్లినిక్కుల్లోని ఆరోగ్య అధికారులు, ఆశాలు ఈ పని నెత్తికెత్తుకున్నారు. దీన్ని మనం ఆహ్వానించాలి. ఎందుకంటే మన పరిస్థితి అంత ఘోరంగా ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. మన రాష్ట్రంలో నూటికి ఐదుగురు లేరు. పులికాట్ సరస్సు దాటితే వచ్చే తమిళనాడులో దాదాపు పది మంది ఉన్నారు. అక్కడ 2007 ప్రాంతంలోనే తేని, తంజావూరు జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతా విస్తరించారు. ఇటు చూస్తే, అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ జబ్బు వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ముందే కనిపెడితే పూర్తిగా ఆపగలిగే జబ్బుతో ఇంతమంది!

అందుకే ఇంటింటి సర్వే కావాలి. కానీ సర్వే అంటే లెక్క పైకి వెళ్ళడం. ఏ.ఎన్.ఎం. చేతిలోని ట్యాబులో ఎక్కిన వివరం మండలానికి, జిల్లాకి, రాష్ట్రానికి క్షణాల్లో చేరుతుంది. అదే వివరం వెనక్కి తిరిగి ఆ స్త్రీ చేతికి ఎన్ని రోజుల్లో చేరుతోంది? పత్రికా ప్రకటనల్లో "ఇన్ని లక్షల మందికి పరీక్షలు" అన్న అంకె మనకు కనిపిస్తుంది. "ఇంతమందికి ఇన్ని రోజుల్లో ఫలితం చెప్పాం, ఇంతమందికి చికిత్స పూర్తి చేశాం" అన్న అంకె కనిపించదు. మనం అడగాల్సింది ఆ రెండో అంకెనే.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. ఫలితం నెల రోజులు ఆలస్యమైతే ఆ నెలలోనే కాన్సర్ ముదిరిపోతుందని స్త్రీలను మనం భయపెట్టకూడదు. అది నిజం కాదు. ఈ కాన్సర్‌కి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. సంసార జీవితం మొదలైన స్త్రీలలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో నిలిచిపోయి, గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు కాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది పదిహేనేళ్ళు పడుతుంది. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలలో ఇది వేగంగా జరుగుతుంది, వాళ్ళకి ప్రమాదం ఆరు రెట్లు ఎక్కువ. అంటే మామూలుగా మనకి ప్రకృతి చాలా గడువు ఇచ్చింది. అంత గడువు ఇచ్చాక కూడా స్త్రీలు చనిపోతున్నారంటే ఆ తప్పు జబ్బుది కాదు.

మరి ఆలస్యం వల్ల నష్టమేమిటి? ఆలస్యంలో మనం పోగొట్టుకునేది మనిషిని. ఒక్కో వాయిదాకి కొంతమంది తగ్గిపోతారు. మొదటిరోజు పరీక్షకి వచ్చిన స్త్రీలంతా ఫలితం కోసం రాలేరు. ఫలితం తెలిసినవాళ్ళంతా పెద్ద ఆసుపత్రిలో కాల్పోస్కోపీకి వెళ్ళలేరు. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపాక, ఆ రిపోర్టు కోసం అందరూ మళ్ళీ రాలేరు. రిపోర్టు చేతికొచ్చాక చికిత్స కోసం మళ్ళీ ఇంకో వాయిదా. ఒక్కో మెట్టు దగ్గరా కొందరు వెనక్కి వెళ్ళిపోతారు. వెనక్కి వెళ్ళిపోయేది ఎవరు? రొయ్యల చెరువుల మీద, హేచరీల్లో, సరుగుడు తోటల్లో కూలికి పోయే దళిత స్త్రీలు, చేపలమ్ముకునే పట్టపు కులం స్త్రీలు, చెరువు గట్టు మీదే కాపలా ఉంటూ ఏ ఊళ్ళోనూ స్థిరంగా ఉండలేని యానాది స్త్రీలు. 2025 ఆగస్టు 15 నుంచి బస్సు టికెట్టు లేకుండా పోవచ్చు గానీ, పోయిన కూలి ఎవరూ తిరిగివ్వరు. రాలేకపోయిన స్త్రీని ఆసుపత్రి రికార్డు "తిరిగి రాలేదు" అని రాసుకుంటుంది. ఆమెను ఎన్నిసార్లు తిప్పారన్నది ఏ రికార్డులోనూ ఉండదు.

అయితే ఈ మాట పరీక్షకి వచ్చే ఆరోగ్యవంతుల గురించి. ముట్టు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడిన స్త్రీ, భర్తతో కలిసిన తర్వాత రక్తస్రావం అవుతున్న స్త్రీ, దుర్వాసనతో తెల్లబట్ట ఆగని స్త్రీ వేరు. వీళ్ళకి కావలసింది సర్వే పరీక్ష కాదు. వెంటనే డాక్టరు చూసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షించాలి. వీళ్ళ విషయంలో వారం కూడా విలువైనదే. ఇలాంటి స్త్రీని మామూలు వరసలో నిలబెట్టి "రిపోర్టు వచ్చాక చూద్దాం" అనడం నేరం. ఈ రెండు వరసలనీ వేరు చేయడం మన కార్యకర్తలు ముందుగా నేర్చుకోవాలి, ఆరోగ్య సిబ్బందిని అడగాలి.

ఫలితం ఎక్కడ ఆగుతుందో తెలుసుకుంటే ఎవరిని ఏమడగాలో తెలుస్తుంది. పరీక్షలు మూడు రకాలు.

మొదటిది వి.ఐ.ఎ. గర్భాశయ ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ ఆమ్లం, అంటే మనం పచ్చళ్ళలో వాడే వెనిగర్ లాంటిదే, అద్ది ఒక్క నిమిషం ఆగుతారు. మార్పులున్న చోట తెల్లటి మచ్చ కనబడుతుంది. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. ఫలితం అక్కడే, అప్పుడే. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకి అయిదేళ్ళకోసారి చేయాల్సింది ఈ పరీక్షే. అంటే ఈ పరీక్షలో మొదటి ఫలితానికి ఎదురుచూడాల్సిన పనే లేదు. అయినా స్త్రీ ఏమీ తెలియకుండా ఇంటికి పోతోందంటే, ఆ గదిలో ఆమెతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదనో, మాట్లాడాల్సిన మనిషిగా ఆమెను చూడలేదనో అర్థం. ముట్టు ఆగిపోయిన స్త్రీలలో ఈ పరీక్ష అంత నమ్మకంగా పనిచేయదన్న సంగతి కూడా ఆమెకు చెప్పాలి.

రెండోది పాప్ స్మియర్. కణాలను గాజు పలక మీద పూసి, వెంటనే ఆల్కహాలులో స్థిరపరచి, పాథాలజిస్టు దగ్గరికి పంపాలి. పలక సరిగా పూయకపోయినా, ఎండిపోయినా చదవడానికి పనికిరాదు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచీ రావాలి. చదివే నిపుణులు కొద్దిమంది, పలకలు గుట్టలు. మన దగ్గర వారాల తరబడి ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మూడోది హెచ్.పి.వి. పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి మొదట చేయాల్సిన పరీక్షగా దీన్నే సిఫారసు చేస్తోంది. దీంట్లో ఒక పెద్ద సౌలభ్యం ఉంది. నమూనా స్త్రీ తనే తీసుకోవచ్చు. ఎవరి ముందూ కాళ్ళు చాపి పడుకోనక్కర్లేదు. సిగ్గువల్ల పరీక్షకి రాని స్త్రీలకి ఇది ఎంత మేలో మనకు చెప్పనక్కర్లేదు. కానీ పెద్ద యంత్రాలు ఒకేసారి పదుల కొద్దీ నమూనాలను పరీక్షిస్తాయి. తట్ట నిండేదాకా మొదటి నమూనా ఎదురుచూడాలి. అక్కడ ఆలస్యం మొదలవుతుంది.

దీనికి పరిష్కారం లేదా? ఉంది. క్షయకి, 2020లో కోవిడ్‌కి మన రాష్ట్రంలో విరివిగా వాడిన ట్రూనాట్ యంత్రం గుర్తుందా? ఆ చిన్న యంత్రం మీదే చేయగలిగే హెచ్.పి.వి. పరీక్ష దేశంలోనే తయారై, 2025లో శాస్త్రీయ పరీక్షలో నెగ్గింది. తట్ట నిండేదాకా ఆగక్కర్లేదు. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనా ఫలితం ఫోనుకి వచ్చింది. కలెక్టరు నుంచి వాలంటీరు దాకా అందరూ ఆ ఫలితం వెంట పరుగెత్తారు. ఎందుకంటే ఆ జబ్బు అధికారికీ, మంత్రికీ కూడా రావచ్చు. చేపలమ్ముకునే స్త్రీ గర్భాశయంలోని జబ్బు ఎవరికీ అంటదు కాబట్టి దానికి తొందర లేదు. ఇంతకన్నా వేరే కారణం మాకు కనిపించడం లేదు.

ఇందాక ఆపిన మాట దగ్గరికి వద్దాం. ఫలితం తెలియక భయపడే స్త్రీ ఎక్కడికి వెళ్తుంది? ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి. అతను టౌనులో నర్సింగ్ హోముకి పంపుతాడు. "గర్భసంచి పాడైంది, ఉంచితే కాన్సరవుతుంది, తీసేస్తే పీడా పోతుంది" అంటారు. అప్పు చేసి ఆపరేషను చేయించుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 2015-16 సర్వేలో నూటికి 8.9 మంది, దేశంలోకెల్లా ఎక్కువ. 2019-21లో 8.7. తగ్గిందని చెప్పుకోవడానికి లేదు. ఈ ఆపరేషన్లన్నీ అనవసరమని మేం అనడం లేదు. కానీ ఏ పరీక్షా లేకుండా, ఉన్న పరీక్ష ఫలితం చూడకుండా కాన్సర్ అన్న ఒక్క మాటతో ఎందరి గర్భసంచులు పోయాయో మనం పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్ళకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, కూలిపనికి పనికిరాకుండా పోతున్న స్త్రీలు మన సంఘాల్లోనే ఉన్నారు. "నీకేమీ లేదమ్మా, అయిదేళ్ళ తర్వాత మళ్ళీ రా" అని రాసిన ఒక చీటీ సమయానికి చేతికొస్తే ఇందులో కొన్నయినా ఆగుతాయి. కాబట్టి అంతా బాగున్నవాళ్ళకి కూడా ఫలితం అందడం అంతే ముఖ్యం.

స్త్రీ శరీరానికి పరీక్ష చేసి ఆ ఫలితాన్ని ఆమెకు చెప్పకుండా ఉంచుకోవడం ఈ దేశంలో కొత్త కాదు. 1976 నుంచి 1988 దాకా ఢిల్లీలో భారత వైద్య పరిశోధనా మండలి సంస్థ ఒకటి, గర్భాశయ ముఖద్వారంలో కాన్సర్ ముందు దశ మార్పులున్న వెయ్యి మందికి పైగా స్త్రీలను చికిత్స చేయకుండా గమనిస్తూ పోయింది. మార్పులు ఎలా ముదురుతాయో తెలుసుకోవడం దాని ఉద్దేశం. స్త్రీల దగ్గర రాతపూర్వకమైన అనుమతి లేదు. కొందరికి కాన్సర్ వచ్చింది. 1997లో గాని ఈ సంగతి బయటకు రాలేదు. ఆ తర్వాత 1998-2000 ప్రాంతంలో ముంబయి, ఉస్మానాబాద్, దిండిగల్‌లలో పెద్ద పరిశోధనలు మొదలయ్యాయి. నర్సు చేసే పరీక్ష కూడా ప్రాణాలు నిలుపుతుందని, దిండిగల్‌లో మరణాలు 35 శాతం, ముంబయిలో 31 శాతం తగ్గాయని, ఉస్మానాబాద్‌లో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేస్తే మరణాలు దాదాపు సగమయ్యాయని మనకు తెలిసింది వీటి వల్లే. కానీ పోలిక కోసం ఏ పరీక్షా చేయకుండా వదిలేసిన స్త్రీలు ఈ మూడు చోట్లా కలిపి 1,38,000 మంది. వాళ్ళంతా పేదలే. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి, మహిళా సంఘాలు నిలదీశాక, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టిన సంగతి మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వీటన్నిటిలోనూ వరస ఒకటే. శరీరం ఆమెది, సమాచారం మాత్రం వేరేవాళ్ళది.

ఇది పేదదేశాల జాడ్యమే అనుకోవద్దు. ఐర్లండులో విక్కీ ఫెలాన్ అనే స్త్రీకి 2011లో స్మియర్ పరీక్ష చేసి అంతా బాగుందన్నారు. 2014లో కాన్సర్ బయటపడింది. పాత పలకను తప్పుగా చదివారని ఆ ఏడే తేలినా, ఆమెకు 2017 దాకా చెప్పలేదు. ఆమె కోర్టుకెక్కింది. పరిహారం ఇస్తాం, బయట మాట్లాడొద్దన్న షరతుకి ఒప్పుకోలేదు. ఆమె మాట్లాడబట్టే 2018లో మరో రెండువందల మందికి పైగా స్త్రీలకి తమ సంగతి తెలిసింది. గగ్గోలు చల్లార్చడానికి ప్రభుత్వం మళ్ళీ ఉచిత పరీక్షలన్నది. ల్యాబులు పెంచకుండా పరీక్షలు పెంచడంతో ఫలితాలు నెలల తరబడి ఆగిపోయాయి. విక్కీ 2022 నవంబరులో చనిపోయింది. ల్యాబు సంగతి చూడకుండా పరీక్షల సంఖ్య పెంచితే ఏమవుతుందో ఇంటింటి సర్వే చేస్తున్న మన ప్రభుత్వం కూడా ఐర్లండును చూసి నేర్చుకోవాలి.

పేదదేశాల నుంచి నేర్చుకోవలసిన మంచీ ఉంది. ఆఫ్రికాలోని జాంబియాలో 2006 నుంచి నర్సులే పరీక్ష చేస్తున్నారు. ముఖద్వారాన్ని కెమెరాతో ఫోటో తీసి స్త్రీకే చూపిస్తారు. చికిత్స అవసరమై, నర్సు చేయగలిగిన స్థితిలో ఉంటే ఆ రోజే చేస్తారు. మలేసియాలో 2018లో మొదలైన ఒక కార్యక్రమంలో స్త్రీ తనే నమూనా తీసుకుంటుంది, ఫలితం ఆమె ఫోనుకే వెళ్తుంది. ఇంగ్లండులో 14 రోజుల్లో ఫలితం అందాలని ప్రమాణం పెట్టుకున్నారు. అది అక్కడ ఎన్నోసార్లు తప్పింది. కానీ గడువంటూ ఒకటి ఉంది కాబట్టి తప్పిందని అడగగలిగారు. మనకు అడగడానికి గడువే లేదు.

ఫోను గురించి ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో ఫోను చాలాసార్లు భర్తదో కొడుకుదో. హెచ్.పి.వి. అంటే కలయిక వల్ల వచ్చే వైరస్ అని అరకొరగా తెలిసిన మగవాడు "ఇదెక్కడి నుంచి తెచ్చావ్?" అని అడిగితే ఆ స్త్రీ గతేమిటి? ఆ వైరస్ ఎన్నో ఏళ్ళ క్రితం భర్త నుంచే వచ్చి ఉండొచ్చని ఎవరు చెప్తారు? కాబట్టి ఫలితం త్వరగా రావడం ఎంత ముఖ్యమో, ఆమె చేతికే, చాటుగా, అర్థమయ్యే మాటల్లో రావడం అంతే ముఖ్యం. గ్రామ క్లినిక్కు ముందు పేర్లు చదవడం, అంగన్‌వాడీలో అందరి ముందు చీటీలు పంచడం కుదరదు.

చట్టం మన వైపు కొంత ఉంది. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో ఆమె రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపింది. రిపోర్టుల ప్రతులు పొందడం అందులో ఒక హక్కు. ఇవి తయారైన రిపోర్టుకి సంబంధించినవి. తయారుకావడానికి గడువు మాత్రం మనమే సాధించుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ సంఘమైనా జిల్లా ఆరోగ్యశాఖను అడగొచ్చు. మా మండలంలో ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందికి ఎన్ని రోజుల్లో ఫలితం చెప్పారు, ఎంతమందిలో తేడా కనబడింది, ఎంతమందికి చికిత్స పూర్తయింది? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

ప్రభుత్వాన్ని మేం అడిగేవి ఇవి. పరీక్ష చేసిన రోజే, ఫలితం ఏ తేదీన, ఎక్కడ, ఎవరు చెప్తారో రాసిన చీటీ ఆ స్త్రీ చేతికివ్వాలి. ఏ పరీక్షకైనా రెండు వారాలు దాటకూడదు. వి.ఐ.ఎ. చేసిన చోట ఆ గదిలోనే చెప్పాలి. బ్యాటరీతో నడిచే థర్మల్ అబ్లేషన్ పరికరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఆమోదించింది. దాన్ని కావలి, ఆత్మకూరు లాంటి చోట్ల ఆసుపత్రుల్లో ఉంచి, తగిన స్త్రీలకి వాళ్ళు ఒప్పుకుంటే ఆ రోజే చికిత్స చేయాలి. ఆలోచించుకుంటానంటే ఆ హక్కూ ఆమెకుండాలి. ముక్క పరీక్షకు పంపిన స్త్రీని తిప్పకుండా రిపోర్టే ఆమె ఊరి క్లినిక్కుకి రావాలి. చెన్నైకో, తిరుపతికో పంపాల్సివస్తే ఆమెతో ఒక మనిషిని, దారిఖర్చుని, కూలి నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. ఆధార్ లేని యానాది స్త్రీని కంప్యూటర్ ఒప్పుకోలేదని వెనక్కి పంపకూడదు. తీరగ్రామాల్లో శిబిరాలను ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే రెండు నెలల మొదట్లో పెడితే, ఫలితం, చికిత్స కూడా ఆ గడువులోనే పూర్తవుతాయి.

ఇదంతా ఏ.ఎన్.ఎం.ల మీదికో, ఆశాల మీదికో నెట్టడం మా ఉద్దేశం కాదు. రోజుకి పది సర్వేలు, ఇరవై యాప్‌లు మోస్తున్న వాళ్ళూ మనలాంటి స్త్రీలే. "రిపోర్టు ఏదమ్మా?" అని ఊరంతా అడిగేది వాళ్ళనే. ల్యాబులో మనుషుల్ని నియమించకుండా, రిపోర్టు పంపకుండా వాళ్ళని గుమ్మాల ముందు నిలబెట్టడం వాళ్ళకీ అన్యాయమే. ఈ డిమాండులో వాళ్ళు మన ఎదుటివాళ్ళు కారు, మనతో కలిసి నిలబడాల్సినవాళ్ళు.

కార్యకర్తలుగా మనం చేయగలిగిందీ ఉంది. ప్రతి పొదుపు సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టండి. అందులో పరీక్షకి వెళ్ళిన తేదీ, ఫలితం వచ్చిన తేదీ, తర్వాత ఏం జరిగింది అన్న మూడు గళ్ళు చాలు. ఫలితంలో ఏముందో రాయొద్దు. అది ఆ స్త్రీ సొంత విషయం. తేదీలు మాత్రం రాయండి. ఆరు నెలల తర్వాత ఆ తేదీలు పట్టుకుని కలెక్టరు గ్రీవెన్సుకి వెళ్దాం.

నెల్లూరు జిల్లా స్త్రీలకి లెక్క రాయడం కొత్త కాదు. 1992లో దూబగుంటలో సారా ప్యాకెట్ల మీద ఎంత పోతోందో ఇళ్ళ లెక్క వేసుకున్నాకనే స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇవాళ లెక్క వేయాల్సింది రూపాయల్ని కాదు, రోజుల్ని. మీ ఊళ్ళో పరీక్షకీ ఫలితానికీ మధ్య ఎన్ని రోజులు పట్టిందో, స్త్రీల పేర్లు లేకుండా, మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ లెక్కలు వేసి, వాటితోనే జిల్లా అధికారుల్ని ప్రశ్నిద్దాం.